హోస్టింగ్ ఏదైనా, తాళం ఆవిడ చేతిలోనే ఉండాలి

ప్రశ్న: మేడమ్, మాది భీమవరం. బీటెక్ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఇంతవరకు చేసినవన్నీ స్నేహితులకు, ఒక గుడి కమిటీకి. మొదటిసారి డబ్బులిచ్చే క్లయింట్ దొరికారు. ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి అమ్మే ఒకావిడ, మా పిన్నికి తెలిసినవారు. ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చే ఆర్డర్లు రాసుకోలేక సతమతమవుతున్నారు. వెబ్‌సైట్‌లోనే ఆర్డరు పెట్టి డబ్బు కట్టేలా చేయమన్నారు. మొత్తం ఇరవై రకాలు ఉంటాయి. వర్డ్‌ప్రెస్ (సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్), దానికి అమ్మకాల సదుపాయం కలిపే వూకామర్స్‌తో చేద్దామనుకుంటున్నాను. హోస్టింగ్ దగ్గర, అంటే సైటు ఉంచడానికి సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకునే దగ్గర, ఆగిపోయాను. ఒక కంపెనీ నెలకు 79 రూపాయలే అంటోంది, కానీ నాలుగేళ్లకు ఒకేసారి కట్టాలట. ఒక ఫ్రెండ్ వీపీఎస్ (సర్వర్‌లో మనకంటూ విడిగా ఒక భాగం) తీసుకోమంటున్నాడు. ఇంకొకతను రీసెల్లర్ అకౌంట్ తీసుకుంటే రాబోయే క్లయింట్లందర్నీ అందులోనే పెట్టి సంపాదించుకోవచ్చు అంటున్నాడు. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. ఆవిడేమో "నాకవన్నీ తెలీవు బాబూ, అన్నీ నీ పేరు మీదే పెట్టేసెయ్, ఎంతయిందో చెప్తే ఇచ్చేస్తా" అన్నారు. సంక్రాంతికి ముందే సైటు మొదలవ్వాలి. ఏ కంపెనీ తీసుకోమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.
— పేరు వేయవద్దన్న పాఠకుడు, భీమవరం

సమాధానం: మీరు అడిగింది ఏ కంపెనీ అని. దానికి వస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆవిడ అన్న మాట: "అన్నీ నీ పేరు మీదే పెట్టేసెయ్." నమ్మకంతో అన్న మాట అది. మొదటి క్లయింట్ అంత నమ్మితే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. అయినా ఆ ఒక్క మాట మాత్రం మీరు వినకండి.

నేనూ ఒకప్పుడు విన్నాను. తెనాలిలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి 2015లో వెబ్‌సైట్ చేశాను. డొమైన్ (సైటు చిరునామా) నా పేరు మీద, హోస్టింగ్ నా పేరు మీద, కట్టింది నా కార్డుతో. ఏటా ఆయన దగ్గర డబ్బు తీసుకునేదాన్ని. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు బ్యాంకువాళ్లు నా కార్డు మార్చారు. రెన్యువల్ గుర్తుచేస్తూ వచ్చిన మెయిల్స్ నేను అరుదుగా తెరిచే పాత మెయిల్‌కి వెళ్లాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మని ఆసుపత్రిలో చేర్చి నేను అక్కడే ఉన్నాను. డొమైన్ గడువు దాటిపోయింది. సైటు ఆగింది, దాంతోపాటు ఆ కొట్టు మెయిల్ కూడా ఆగింది. పదకొండు రోజులు. పెళ్లిళ్ల సీజన్ కోసం ఆయన అచ్చు వేయించిన కేటలాగ్‌ల మీద ఆ చిరునామానే ఉంది. నేను విషయం తెలుసుకుని ఫోన్ చేస్తే ఆయన కోప్పడలేదు. "నీ పేరు మీద ఉంది కదమ్మా, నేనెవరిని అడిగినా నీతో చెప్పం అన్నారు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. తన కొట్టు బోర్డు గురించి తానే అడగలేని పరిస్థితిలోకి ఆయన్ని నెట్టింది నేను.

కాబట్టి కంపెనీ ఎంచుకోవడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఆవిడ పేరు మీద, వ్యాపారం కోసం విడిగా ఒక మెయిల్ తెరవండి. ఓటీపీలు ఆవిడ ఫోన్‌కే వెళ్లాలి. పాస్‌వర్డు మరిచిపోతే తిరిగి పొందడానికి రెండో నంబరు అడుగుతుంది, అక్కడ వాళ్లింట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి, మీది కాదు. ఆ మెయిల్‌తోనే డొమైన్ కొనండి. యజమాని పేరు దగ్గర ఆవిడ పేరు, ఆత్రేయపురం అడ్రసు, ఆవిడ ఫోన్ నంబరు రాయండి. డబ్బు ఆవిడ కార్డు నుంచో యూపీఐ నుంచో నేరుగా కంపెనీకి వెళ్లాలి, బిల్లు ఆవిడ పేరున రావాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు కూడా బిల్లులో పడేలా చూడండి. హోస్టింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది తిరిగి సర్దుబాటు అవుతుందో లేదో వాళ్ల ఆడిటర్ చెబుతారు.

మీకు పనికి కావలసిన ప్రవేశం వేరే దారిలో తీసుకోవచ్చు. చాలా హోస్టింగ్ కంపెనీల్లో యజమాని తన పాస్‌వర్డు ఇవ్వకుండానే డెవలపర్‌కి విడిగా అనుమతి ఇచ్చే వీలుంది. కంపెనీని ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి విషయం ఇదే. ఆ వీలు లేని కంపెనీ ఎంత చవకైనా నేను పక్కన పెట్టేస్తాను. రేపు మీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా, ఆవిడ మీ అనుమతి తీసేసి ఇంకొకరికి ఇచ్చుకోగలగాలి.

డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట తీసుకోండి. "హోస్టింగ్ కొంటే డొమైన్ ఫ్రీ" అన్న ప్రకటన చూసే ఉంటారు. ఆ ఉచితం మామూలుగా మొదటి ఏడాదికే. వాపసు గడువులోగా హోస్టింగ్ వద్దనుకున్నా, మామూలుగా డొమైన్ ధర మినహాయించుకుని మిగతాదే ఇస్తారు. పైగా రెండూ ఒకేచోట ఉంటే, ఆ కంపెనీతో గొడవ వచ్చిన రోజున రెండూ ఒకేసారి ఇరుక్కుంటాయి. విడివిడిగా ఉంటే హోస్టింగ్ నచ్చకపోతే డొమైన్ దగ్గర సర్వర్ చిరునామా మార్చుకుని వెళ్లిపోవచ్చు. ఇంకో సంగతి: డాట్ కామ్ పేరు కొత్తగా కొన్నా, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చినా, మామూలుగా 60 రోజుల దాకా మళ్లీ కదలనివ్వరు. అందుకని డొమైన్ ఎక్కడ కొనాలో మొదటే తీరిగ్గా ఆలోచించుకోండి.

ఆటో రెన్యువల్ పెట్టేశాం కదా అన్న ధీమా వద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి దానంతటదే డబ్బు తీసుకోవాలంటే ముందుగా ఓటీపీతో అనుమతి నమోదు చేయించుకోవాలి, ప్రతిసారీ తీసుకునే ముందు కబురు పంపాలి. తర్వాతి ఏడాది పెంచిన పరిమితి ప్రకారం 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఈ పద్ధతికి సిద్ధంగా లేని విదేశీ కంపెనీల దగ్గర ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉన్నా డబ్బు వెళ్లదు. మనకు తెలిసేది సైటు ఆగాకే. డాట్ కామ్ పేరు గడువు దాటి రద్దయితే, తర్వాత 30 రోజుల దాకా తిరిగి తీసుకోవచ్చు గానీ దానికి మామూలు ధరకి ఎన్నో రెట్లు అడుగుతారు. అదీ దాటితే ఇంకో అయిదు రోజులకి ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ఊరి పేరు కలిసిన డొమైన్ ఖాళీ అయితే ఎత్తుకుపోవడానికి కాచుకున్నవాళ్లు ఉంటారు. డొమైన్ ఒక్కటి మాత్రం అయిదేళ్లకు ఒకేసారి కట్టేయమనండి. హోస్టింగ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, చెబుతాను.

ఇప్పుడు హోస్టింగ్. ముందు ఆవిడని కూర్చోబెట్టుకుని అడగండి: మామూలు రోజున ఎన్ని ఆర్డర్లు? సంక్రాంతి, దసరా, పెళ్లిళ్లప్పుడు ఎన్ని? కొనేవాళ్లు ఎక్కడివాళ్లు? నా ఊహ ఏమిటంటే మామూలు రోజున పది ఇరవై, పండగ ముందు వారంలో దానికి పదింతలు. సగం మంది హైదరాబాద్, బెంగళూరులో ఉంటారు. కొందరు అమెరికాలో ఉండి ఇక్కడున్న అమ్మానాన్నలకు పంపించమని ఆర్డరు పెడతారు. ఈ లెక్క చేతిలో ఉంటే కంపెనీల ప్రకటనల్లో మీకు పనికొచ్చేది ఏదో, పనికిరానిది ఏదో తేలిపోతుంది.

షేర్డ్ హోస్టింగ్ అంటే వాటాల ఇల్లు లాంటిది. ఒకే కాంపౌండ్, ఒకే నీళ్ల ట్యాంకు. పక్క వాటావాళ్లు ట్యాంకు ఖాళీ చేస్తే మన కుళాయిలో నీళ్లు సన్నబడతాయి. అందుకే ఇంటివాళ్లు ఒక్కో వాటాకి ఇంత అని పరిమితి పెడతారు. ఆ పరిమితులే మీరు చదవాల్సినవి. "అన్‌లిమిటెడ్ స్పేస్, అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్" అని పెద్ద అక్షరాల్లో రాసినదాన్ని వదిలేయండి. ఆ రెండూ పూతరేకుల కొట్టుకి ఎప్పటికీ అడ్డం రావు. అడ్డం వచ్చేవి చిన్న అక్షరాల్లో ఉంటాయి: ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత, ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) పనులు నడవనిస్తారు, మొత్తం ఎన్ని ఫైళ్లు ఉంచుకోనిస్తారు.

ఒకేసారి నడిచే పనుల సంఖ్య ఎందుకు ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్ వీడియోల్లో దీని గురించి వినడం అరుదు. మామూలు పేజీని ఒకసారి తయారుచేసి దాచుకుని అందరికీ అదే చూపించవచ్చు. దాన్నే క్యాష్ అంటాం. ఆ వీడియోల్లో చూపించే స్పీడ్ పరీక్షలు చాలావరకు అలా దాచిన పేజీల మీద చేసినవే. కానీ కార్ట్ (బుట్ట), చెకౌట్ (డబ్బు కట్టే) పేజీలను అలా దాచలేం. ఒకరి బుట్టలో నేతి పూతరేకులు, ఇంకొకరి బుట్టలో బెల్లంవి ఉంటాయి కదా. ప్రతి కొనుగోలుదారుకీ సర్వర్ అప్పటికప్పుడు పని చేయాలి. భోగికి వారం ముందు, ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ పెట్టారనుకోండి. నలభై మంది ఒకేసారి చెకౌట్ దగ్గరికి వస్తారు. ప్లాన్‌లో ఇరవై పనులకే అనుమతి ఉంటే మిగతావాళ్లకి 508 నంబరుతో "వనరుల పరిమితి దాటింది" అన్న అర్థం వచ్చే తెర కనిపిస్తుంది. వాళ్లు మళ్లీ ప్రయత్నించరు, పక్క దుకాణానికి వెళ్లిపోతారు. కంపెనీని ఈ సంఖ్య ఎంత అని సూటిగా అడగండి. చెప్పలేకపోయినా, "మీరు దాని గురించి ఆలోచించక్కర్లేదు సార్" అన్నా, ఆ కంపెనీ మీకు వద్దు.

ఫైళ్ల సంఖ్యని ఐనోడ్ల పరిమితి అంటారు. వర్డ్‌ప్రెస్ మీరు ఎక్కించిన ఒక్కో ఫొటోకీ నాలుగైదు సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. మెయిల్ కూడా అక్కడే ఉంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. రెండేళ్లకి స్థలం నిండకుండానే ఫైళ్ల లెక్క నిండిపోతుంది. ఫొటోల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా: ఆవిడ ఫోన్‌తో తీసి పంపే ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. దాన్ని 150 కేబీకి తగ్గించి ఎక్కించండి. ఖరీదైన హోస్టింగ్‌కి మారినదానికన్నా దీనివల్లే సైటు ఎక్కువ వేగంగా కనిపిస్తుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన వీపీఎస్ సొంత వాటా లాంటిది. మోటారు మీదే, ట్యాంకు మీదే, ఎవరూ పంచుకోరు. కానీ మోటారు కాలితే రాత్రి పన్నెండింటికి బాగుచేయాల్సిందీ మీరే. ఆపరేటింగ్ సిస్టమ్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, డేటాబేస్ సర్దుబాట్లు, డిస్కు నిండకుండా చూసుకోవడం, ఇవన్నీ వస్తే తీసుకోండి. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో, అమెజాన్ లైట్‌సెయిల్‌కి ముంబైలో సర్వర్లు ఉన్నాయి. నెలకి చిన్న మొత్తంతో మొదలుపెట్టవచ్చు. మీ సొంత ప్రయోగాలకి ఇవాళే ఒకటి తీసుకుని నేర్చుకోండి, తప్పకుండా. కానీ నేర్చుకునే చోటు ఆవిడ కొట్టు కాకూడదు. మీ ఉత్తరం బట్టి చూస్తే సర్వర్ నడిపిన అనుభవం ఉన్నట్టు కనిపించలేదు. ఉంటే ఈ పేరా వదిలేయండి.

రీసెల్లర్ అకౌంట్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ఇప్పుడు వద్దు. అందులో హోస్టింగ్ అమ్మేవారు మీరే అవుతారు. అంటే సైటు ఆగితే అడగాల్సింది మిమ్మల్నే, కంపెనీ ఆవిడతో మాట్లాడదు. తెనాలి కథే మళ్లీ. పైగా 2019లో, హోస్టింగ్ అకౌంట్లు నడిపే సాఫ్ట్‌వేర్ చేసే సీప్యానెల్ కంపెనీ ఒక్కో అకౌంట్‌కి ఇంత అని లెక్కగట్టే పద్ధతిలోకి ధరలు మార్చినప్పుడు, చిన్న చిన్న రీసెల్లర్ల లాభానికి దెబ్బ తగిలింది. పది మంది క్లయింట్లు, మీతోపాటు ఫోన్ ఎత్తే ఇంకో మనిషి ఉన్నప్పుడు ఆలోచించవచ్చు.

కాబట్టి మీకు నేను చెప్పేది, మన దేశంలో సర్వర్ ఉన్న ఒక మంచి షేర్డ్ ప్లాన్. అన్నిటికన్నా చవకది కాదు, దాని పైది. వర్డ్‌ప్రెస్‌ని కంపెనీయే చూసుకునే మేనేజ్‌డ్ ప్లాన్ ధర ఆవిడ భరించగలిగితే అది ఇంకా మంచిది. సర్వర్ ముంబైలో ఉంటే హైదరాబాద్ నుంచి వెళ్లిన అభ్యర్థన తిరిగిరావడానికి సెకనులో కొన్ని వందో వంతులు పడుతుంది, అమెరికా తూర్పు తీరంలో ఉంటే దాదాపు పావు సెకను. ఒక పేజీకి ఇలాంటి రాకపోకలు ఎన్నో ఉంటాయి. అమెరికా నుంచి ఆర్డరు పెట్టేవాళ్ల కోసం క్లౌడ్‌ఫ్లేర్ (సైటు ఫైళ్ల కాపీలను పలు దేశాల్లోని తన సర్వర్లలో ఉంచే సేవ) ఉచిత ప్లాన్‌ని సైటు ముందు పెడితే ఫొటోలు వాళ్లకి దగ్గర్లోంచే అందుతాయి. చాలాచోట్ల ప్లాన్ కొనే పేజీలోనే సర్వర్ ఏ ఊళ్లో కావాలో అడుగుతారు, మనం చూసుకోకపోతే ఆ పేజీయే ఏదో ఒక ఊరు ఎంచేసుకుంటుంది.

ఇక ధర. నెలకు 79 అంటే నాలుగేళ్లకు 3,792. జీఎస్టీ కలిపితే దాదాపు 4,475. ఇది ఒకేసారి కట్టాలి. నాలుగేళ్ల తర్వాత ఎంతో అదే పేజీలో కింద చిన్నగా రాసి ఉంటుంది, వెతకండి. ఉదాహరణకి 349 అని ఉందనుకోండి. ఏడాదికి 4,188, పన్నుతో దాదాపు 4,942. నాలుగేళ్లకి కట్టినదానికన్నా అయిదో ఏడు ఒక్కదానికే ఎక్కువ. ఆవిడకి మీరు చెప్పాల్సిన ధర ఇది, 79 కాదు. ఏటా ఇంత అవుతుంది అని మొదటే చెబితే ఆవిడ సరుకు ధరలో కలుపుకుంటారు. ముందు తక్కువ చెప్పి తర్వాత పెంచితే మీరే పెంచారనుకుంటారు.

ఆ నాలుగేళ్ల ప్లాన్ నాకు నచ్చకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. డబ్బు వాపసు గడువు మామూలుగా 30 రోజులు. సంక్రాంతి రద్దీ వచ్చేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. సర్వర్ అసలు శక్తి తెలిసేది ఆ రోజునే. ముందు ఒక నెలకి, లేదంటే ఏడాదికి తీసుకోండి. కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. ఒక పండగ దాటాక, బాగుందనిపిస్తే అప్పుడు పెంచుకోవచ్చు.

యూట్యూబ్‌లో చెప్పే పేర్ల గురించి. వీడియో కింద ఉన్న లింకు నొక్కి మీరు కొంటే ఆ చెప్పినవారికి కమీషన్ వెళ్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ సలహా తీసుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి. నేను కూడా ఇక్కడ ఒక పేరు రాసేయకపోవడానికి కారణం ఉంది. ఈ వ్యాపారంలో కంపెనీలు చేతులు మారుతుంటాయి. ముంబైలో పుట్టిన బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్‌లను 2014లో అమెరికాకి చెందిన ఎండ్యూరెన్స్ సంస్థ కొనేసింది. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ అప్పటికే వాళ్లవే. 2021లో ఆ సంస్థే న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. అంతకుముందు 2013 ఆగస్టులో యూటా రాష్ట్రంలోని వాళ్ల డేటా సెంటర్‌లో లోపం వచ్చినప్పుడు బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్‌లతోపాటు జస్ట్‌హోస్ట్, హోస్ట్‌మాన్‌స్టర్ కస్టమర్ల సైట్లు కూడా ఆగిపోయాయి. నాలుగు పేర్లు పోల్చి ఒకటి ఎంచుకున్నాననుకున్నవాళ్లంతా ఒకే కప్పు కింద ఉన్నారు. అయిదేళ్ల కిందట నేను మెచ్చుకున్న కంపెనీ ఇవాళ అలాగే ఉందని చెప్పలేను. అందుకే పేరుకన్నా పరీక్ష మీకు ఎక్కువ పనికొస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, కొనకముందే రాత్రి పదిన్నరకి వాళ్ల చాట్‌కి వెళ్లి నేను పైన చెప్పిన ప్రశ్నలు అడగండి: ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ పనులు, ఐనోడ్లు ఎన్ని, రెన్యువల్ ధర ఎంత, బ్యాకప్ రోజూ తీస్తారా, ఎన్ని రోజులవి ఉంచుతారు, తిరిగి పెట్టుకోవడానికి డబ్బు అడుగుతారా, డెవలపర్‌కి విడిగా ప్రవేశం ఉందా. జవాబుల్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. మంచిగా చెప్పినవాళ్ల దగ్గర నెల ప్లాన్ తీసుకుని, వూకామర్స్ వేసి, ఇరవై వస్తువులు పెట్టి, మీ ఇంటి వైఫైతో కాదు, ఆత్రేయపురం వెళ్లి మొబైల్ డేటాతో తెరిచి చూడండి. పేజీ మొదటి అక్షరం రావడానికి పట్టే సమయం 0.8 సెకన్లలోపు ఉంటే బాగున్నట్టు. కార్ట్‌లో వేసి, చెకౌట్ దాకా వెళ్లి అక్కడ కూడా చూడండి.

99.9 శాతం సైటు ఆగదని హామీ ఇస్తారు. ఆ 0.1 శాతం అంటే నెలకు దాదాపు 43 నిమిషాలు, ఏడాదికి ఎనిమిది గంటల ముప్పావు. అది దాటితే వాళ్లిచ్చేది కూడా నెల అద్దెలో కొంత భాగమే, పోయిన ఆర్డర్లు కాదు.

బ్యాకప్ విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి, మంచి కంపెనీ మాట కూడా. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. యూరప్‌లో అతిపెద్ద హోస్టింగ్ కంపెనీల్లో అదొకటి. ఎన్నో వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్న కొందరికి రెండూ పోయాయి. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) పెట్టి, రోజూ డేటాబేస్, వారానికోసారి ఫైళ్లు, ఆవిడ మెయిల్‌కి చెందిన గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా చేయండి. నెలకోసారి ఒక కాపీ మీ హార్డ్ డిస్కులోకి దింపుకోండి, కానీ దానికి పాస్‌వర్డు పెట్టి ఉంచండి, అందులో కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటాయి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం వాటికి బాధ్యత ఆ వ్యాపారానిదే. మీ దగ్గర నుంచి బయటికి పోతే ఇబ్బంది పడేది ఆవిడ. సైటు మొదలవకముందే ఒకరోజు కావాలని కొన్ని పేజీలు తొలగించి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూడండి. తిరిగి పెట్టి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

మెయిల్‌ని హోస్టింగ్‌తో కలపకండి. ఆర్డరు వచ్చిందన్న మెయిల్ షేర్డ్ సర్వర్ నుంచి నేరుగా వెళ్తే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. అదే సర్వర్ నుంచి ఎవరో చెత్త మెయిల్స్ పంపితే మనకీ ఆ మచ్చ అంటుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. జోహోలోనో గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో ఒక మెయిల్ తీసుకుని, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే గుర్తులు) పెట్టి, ఆర్డరు మెయిల్స్‌ని దాని ద్వారా పంపండి. రేపు హోస్టింగ్ మార్చినా మెయిల్ కదలదు. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కి (సైటుకి, కొనేవాళ్లకి మధ్య వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచేది) విడిగా డబ్బు కట్టకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, దాన్ని దానంతటదే వేసే కంపెనీనే చూసుకోండి.

సంక్రాంతికి సైటు అన్నారు. డిసెంబరు మొదటి వారానికి జనంలోకి వదలండి, అప్పుడు పండగకి నెల ముందే లోపాలు బయటపడతాయి. జనవరి మొదటి వారం నుంచి కనుమ దాకా ఏ ప్లగిన్‌నీ అప్‌డేట్ చేయకండి, సెక్యూరిటీ లోపం బయటపడితే తప్ప. వాట్సాప్ నంబరు సైటులో పైనే ఉంచండి, ఏదైనా ఆగినా ఆర్డరు ఆగదు.

ఆవిడతో ఈ మాట ఎలా చెప్పాలా అని మీకు మొహమాటంగా ఉండవచ్చు. "మీ కొట్టు కాగితాలు నా పేరు మీద పెట్టుకోరు కదా అండీ, ఇదీ అంతే. నేను చూసుకుంటాను, కానీ పేరు మాత్రం మీది ఉండాలి" అనండి, అర్థం చేసుకుంటారు. మీరు చూసుకునే పనికి ఏడాదికి ఇంత అని విడిగా అడిగి తీసుకోండి, హోస్టింగ్ ధరలో కలిపేయకండి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద తెలుగులో, డొమైన్ ఏ కంపెనీ, హోస్టింగ్ ఏ కంపెనీ, ఏ మెయిల్‌తో తెరిచాం, ఏ తేదీకి ఎంత కట్టాలి, సైటు ఆగితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి అని రాసి ఇవ్వండి. పాస్‌వర్డులు అందులో రాయకండి, అవి ఆవిడే తన దగ్గర దాచుకుంటారు. రెన్యువల్ తేదీని మాత్రం వాళ్లింట్లో గోడ మీద క్యాలెండర్‌లో మీరే ఎర్ర పెన్నుతో చుట్టండి, మీ ఫోన్‌లో దానికి నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి గుర్తు పెట్టుకోండి.